రెండో టేకు లేదు

మొన్న హైదరాబాదు నుంచి ఒక పిల్లోడు వచ్చినాడు.
ఎర్రగుంట్లలో రైలు దిగి, పాలిష్ ఫ్యాక్టరీలన్నీ తిరిగి
ఆఖరికి నన్ను పట్టుకున్నాడు.
మీ సినిమా కల్టు సార్, అన్నాడు.
కల్తీనా? అన్నాను.
వాడు నవ్వినాడు. నేను నవ్వలేదు.
మాట నిజమే కదా.

నెత్తురు కల్తీ.
బెల్లంపాకంలో కుంకుమ, చిక్కదనానికి రాగి అంబలి.
దయ్యం తెలుపు కల్తీ.
మిషన్ కింద కాలవలో పారే రాతి బురద
మొగానికి పూస్తే, ఆరేలోపల తోలు బిగుసుకొని
నేను నవ్వినా ఏడ్చినట్టే ఉండేది.
"యాక్టింగ్ అంటే అదీ" అనేటోడు మస్తానప్ప.

మస్తానప్ప పెండ్లిండ్ల వీడియో మనిషి.
మూఢం వచ్చి ముహూర్తాలు లేని రెండు నెలలు
కెమెరాకు గుడ్డ కప్పి కూర్చోలేక
ఈ సినిమా తీసినాడు.
ఖర్చు పదకొండువేల మూడునూర్లు.
అందులో రెండువేలు నావి. ఇంకా రాలేదు.

హీరోయిన్ దొరకలేదు.
అందుకని ఆమెను మొదటి సీన్లోనే
దయ్యం మింగేసినట్టు కథ మార్చినాడు.
నీళ్ళు నిండిన పాత గని మీద
మా అక్క చీర ఒకటి తేలుతుంటుంది. అంతే.
చూసినోళ్ళు ఆ చీర కోసం ఏడ్చినారంటే నమ్ముతావా?
మా అక్క మాత్రం నిజంగానే ఏడ్చింది. రంగు పోయింది.

కొడవండ్లు అట్టముక్కలు, పైన సిగరెట్టు పెట్టెల వెండికాగితం.
బాంబులు దీపావళివి.
అవి పేలినాక అసలు పోలీసులొచ్చినారు.
ఎస్సై జీపు దిగి కొడవలి గుంజుకుంటే
అది చేతిలోనే మెత్తగా వంగింది.
మస్తానప్ప కెమెరా ఆపలేదు.
మా సినిమాలో ఖరీదైన సీను అదే,
జీపు, లాఠీలు, నలుగురు కానిస్టేబుళ్ళు,
పైసా ఖర్చు లేకుండా.

రెండో టేకు లేదు. టేపు లేదు.
నేను సచ్చి పడుండే సీన్లో
హీరో, లారీ క్లీనర్ బాబ్జాన్, పగ డైలాగు మర్చిపోయినాడు.
గుర్తొచ్చేదాకా నాలుగు నిమిషాలు.
బెల్లం వాసనకు గండుచీమలొచ్చినాయి.
చెవిలోకి ఒకటి, చంకలోకి ఇంకొకటి, ఇంకా చెప్పరాని చోటికి.
సచ్చినోడు గోక్కుంటాడా?
ఆ నాలుగు నిమిషాలు
నా బతుకులో నేను చేసిన పెద్ద పని.

ముద్దనూరులో వీడియో పార్లరు. టికెట్టు రెండు రూపాయలు.
వచ్చినోళ్ళంతా గని కూలీలు, మా వాళ్ళే.
నేను కోరలు చూపిస్తే ఈలలేసినారు,
"రేయ్, పండ్లు తోముకో రా" అన్నారు.
బాబ్జాన్ నన్ను తగలబెట్టినాక
తెర మీద గీతలొచ్చి, గిర్రుమని
ఎవరిదో పెండ్లి మొదలైంది.
కొత్త క్యాసెట్టు కొంటానని చెప్పి
పాతదాని మీదే తీసినాడు మస్తానప్ప.

బంతిలో జనం తింటున్నారు.
చారు బకెట్టు పట్టుకొని కొండప్ప నడుస్తున్నాడు.
ఆ సినిమా తీసిన గనిలోనే
ఏడాది ముందు రాతిపెచ్చు కింద పడిపోయిన కొండప్ప.
గంటె ముంచి, ఎవరినో ఎగతాళి చేసి
మా దిక్కు చూసి నవ్వినాడు.

హాల్లో బీడీలు ఆరిపోయినాయి.
ఒకడు లేచి, "వెనక్కి తిప్పు" అన్నాడు.

తెల్లారి నుంచి జనం వచ్చింది మాకోసం కాదు.
గంటన్నర సేపు నన్ను భరించినారు
ఆ ఏడు నిమిషాల చారు కోసం.
నాలుగో దినం నాగసుబ్బమ్మ వచ్చింది, కొండప్ప పెండ్లాం.
టికెట్టు వద్దన్నా రెండు రూపాయలు బల్ల మీద పెట్టింది.
మొత్తం చూసింది.
పోతా పోతా నా దగ్గర ఆగి,
"దయ్యం బాగా చేసినావు గానీ అబ్బోడా,
కాళ్ళు వెనక్కి ఉండల్ల కదా" అంది.

పిల్లోడు క్యాసెట్టు చూసినాడు. బూజు పట్టింది.
కడిగి బాగు చేస్తాం సార్, అన్నాడు,
చివర్లో ఆ పెండ్లి ముక్క కత్తిరించి.
నేను క్యాసెట్టు తీసుకొని జేబులో పెట్టుకున్నాను.

పోనీ ఒక ఫోటో, దయ్యం మాదిరి నిలబడండి, అన్నాడు.
నిలబడినాను.
పాదాలు వెనక్కి తిప్పాలని చూసినాను.
అరవై రెండేండ్ల మోకాళ్ళు,
తిరగలేదు.